ప్రమాదం జరిగితే దాచవద్దు, రాయండి

(కర్మన్‌ఘాట్‌లో పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నాబోటి ఇన్‌స్పెక్టరు మాట్లాడడానికి లేచాడంటే నగదు పుస్తకం గురించో, బోనసు గురించో, రావలసిన బకాయిల గురించో చెబుతాడని అనుకుంటారు. ఈ రోజు లెక్కల జోలికి పోను. మన సంఘంలో పనిచేసే మనిషికి దెబ్బ తగిలితే ఏ పుస్తకంలో రాస్తున్నాము, ఎవరికి తెలుపుతున్నాము అన్న సంగతి మాత్రమే మనవి చేస్తాను.

ముందుగా నా తప్పు చెప్పుకుంటాను. కొన్నేళ్ల క్రితం ఒక సంఘానికి తనిఖీకి వెళ్లాను. పేరు అక్కరలేదు. పుస్తకాలన్నీ సక్రమంగా ఉన్నాయి, పైసా తేడా లేదు. క్యాన్లు కడిగే చోట నీళ్ల మోటారు స్టార్టరుకు గుడ్డ చుట్టి ఉంది. ఎందుకని అడిగితే, "అప్పుడప్పుడు జుమ్మంటుంది సార్" అన్నాడు అక్కడి కుర్రవాడు. బాగు చేయించమని కార్యదర్శికి నోటిమాటగా చెప్పి, నివేదికపై సంతకం పెట్టి వచ్చేశాను. అంతకు నెల ముందే అదే మోటారు దగ్గర మరొకతను షాకు తగిలి పడిపోయాడనీ, మూడు రోజులు పనికి రాలేదనీ, హాజరు పట్టీలో ఆ మూడు రోజులూ "సెలవు" అని రాశారనీ నాకు తెలియదు. వానాకాలంలో ఆ గుడ్డ తడిసింది. కుర్రవాడు బతికాడు గాని, కుడి చెయ్యి మునుపటిలా పనిచేయదు. చూస్తే ఎర్త్ తీగ తెగి ఉంది. ఎలక్ట్రీషియనుకు గంట పని.

"సెలవు" అన్న చోట "షాకు" అని ఒక్క మాట ఉంటే నా కన్ను దాని మీద పడేది. వెన్నశాతం రిజిస్టరు అడిగాను, స్టాకు రిజిస్టరు అడిగాను, ప్రమాదాల పుస్తకం ఉందా అని అడగలేదు. ఆ తరువాత అడగకుండా ఏ తనిఖీ ముగించలేదు.

ఎందుకు రాయరు? కార్యదర్శులను అడిగితే మూడు మాటలు చెబుతారు. రాస్తే సంజాయిషీ నోటీసు వస్తుందని మొదటిది. సంఘానికి చెడ్డపేరు వస్తుందని రెండవది. "దెబ్బ తగిలినవాడు మన మనిషి కాదండీ, కంట్రాక్టరు మనిషి" అన్నది మూడవది. మొదటి రెండూ భయం వల్ల వచ్చిన మాటలు. మూడవది బాధ్యత తప్పించుకునే మాట. దాని గురించి ఒక ఉదాహరణ చెబుతాను.

మనం కూర్చున్న ఈ కర్మన్‌ఘాట్‌కు ఎంతో దూరంలో లేదు సాహెబ్‌నగర్. ఎల్.బి.నగర్ దాటి వనస్థలిపురం పక్కన. 2021 ఆగస్టు మొదటి వారంలో ఒక రాత్రి అక్కడ మురుగు కాలువ శుభ్రం చేయడానికి కూలీలు దిగారు. పని హైదరాబాద్ మహానగర పాలక సంస్థది, కూలీలు కంట్రాక్టరు మనుషులు. మ్యాన్‌హోల్‌లోకి దిగినవాడు పైకి రాలేదు. అతన్ని కాపాడబోయి దిగిన రెండవ మనిషీ రాలేదు. ఇద్దరూ చనిపోయారు. పాకీపని నిషేధానికి 2013లో చేసిన చట్టం 7వ సెక్షను, రక్షణ సాధనాలు లేకుండా మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు మనుషులతో శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. నేరుగా గాని, మరొకరి ద్వారా గాని చేయించరాదని అందులో స్పష్టంగా ఉంది. ఇటువంటి మరణాలకు ఇవ్వవలసిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలుగా నిర్ణయించి, 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. "కంట్రాక్టరు మనిషి" అన్న సాకు చట్టం ముందు నిలవదు.

డెయిరీకీ మురుగు కాలువకూ సంబంధమేమిటి అంటారేమో. మన కేంద్రాల్లో క్యాన్లు, ట్యాంకులు కడిగిన నీళ్లు చేరే గుంటను తలచుకోండి. అందులో పాలు పులిసి కుళ్లినప్పుడు గాలిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, విషవాయువు పుడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వేసే ఆ వాయువు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి, ఆ వాసన కూడా తెలియదు. వాసన లేదు కదా అని దిగినవాడు అక్కడే కూలబడతాడు.

ఇక పెద్ద డెయిరీల్లో చల్లదనానికి అమ్మోనియా వాడతారు. 2020 ఆగస్టు 20న చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలంలోని ఒక ప్రైవేటు డెయిరీలో అమ్మోనియా లీకై 10 మందికి పైగా కార్మికులు, ఎక్కువమంది మహిళలు, ఆసుపత్రి పాలయ్యారు. అమ్మోనియా ఒక్కసారిగా పెద్దఎత్తున బయటపడక ముందే, ఎక్కడో ఒక వాల్వు దగ్గర కళ్లు మండడం, దగ్గు రావడం ఎవరో ఒకరికి తెలిసే అవకాశం ఉంటుంది. ఆ దగ్గును కూడా రాయాలని నా మనవి.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెబుతాను. పనిలో ప్రమాదం వల్ల మనిషి చనిపోయినా, 48 గంటలు గాని అంతకు మించి గాని పనిచేయలేకపోయినా అధికారికి తెలియజేయాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షను చెప్పింది. ఎవరికీ గాయం కాకపోయినా ప్రమాదకర సంఘటన జరిగితే తెలియజేయాలని 1976లో 88ఎ సెక్షను చేర్చారు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోని 10, 11 సెక్షన్లు ఈ రెండు మాటలనూ నిలబెట్టాయి.

"మా సంఘంలో ఇద్దరే పనివాళ్లు, ఆ నిబంధనలు మాకు వర్తించవు" అని కొందరు అంటారు. కావచ్చు. కాని 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షను తలల లెక్క అడగదు. కరెంటు వల్ల మనిషి గాని, పశువు గాని చనిపోయినా, ఎవరికైనా గాయమైనా విద్యుత్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలని అంటుంది. పాడి రైతులం, పశువు మాట ఉన్న ఈ సెక్షనునైనా గుర్తుంచుకోవాలి.

ఇక రాసే పద్ధతి. ప్రతి సంఘంలోనూ ఒక ప్రమాదాల పుస్తకం పెట్టండి. పేజీలకు నంబర్లు వేయించండి. తేదీ, వేళ, స్థలం, దెబ్బ తగిలిన మనిషి ఎవరు, ఏ పనిలో ఉన్నాడు, యంత్రం ఎలా ఉంది, ఎవరు చూశారు, వెంటనే ఏమి చేశారు. ఇంతే చాలు. తప్పు ఎవరిదో ఆ పూట తేల్చవద్దు, దానికి విచారణ ఉంది. వైద్యం ముందు, రాత తరువాత, కాని ఆ రోజు దాటకుండా రాయాలి. ప్రాణాపాయం లేకుంటే అక్కడి వస్తువులు కదపవద్దు. త్రుటిలో తప్పిన ప్రమాదాన్ని కూడా రాయండి. నెలవారీ పాలకవర్గ సమావేశంలో ఆ పుస్తకం చదివి, తీసుకున్న చర్యను మినిట్స్‌లోకి ఎక్కించండి.

మరొక జాగ్రత్త. పాలల్లో ప్రతి చేతిలోనూ కాసిని నీళ్లు కలిస్తే చివరకు ఏమి మిగులుతుందో మీకు చెప్పనక్కరలేదు. నివేదికా అంతే. సంఘంలో "షాకు తగిలి పడిపోయాడు" అని బయలుదేరిన మాట శీతలీకరణ కేంద్రంలో "స్వల్ప గాయం" అవుతుంది, జిల్లా ఆఫీసులో "విద్యుత్ అంతరాయం" అవుతుంది. పైఅధికారికి చేరేది ఆ చివరి మాటే. కనుక మొదట రాసిన కాగితం నకలునే యథాతథంగా పైకి పంపండి. ఎవరి అభిప్రాయం వారు కింద వేరుగా రాసుకోవచ్చు.

పెద్దలకు, అధికారులకు కూడా ఒక మనవి. ప్రమాదం జరిగిందని రాసిన కార్యదర్శికి మొదట సంజాయిషీ నోటీసు పంపితే, ఆ సంఘం నుండి రెండవ నివేదిక రాదు. లీకు చూపించిన దినకూలీని మరునాడు పనికి రావద్దంటే, మూడవ రోజు లీకు చూసినవాడు నోరు విప్పడు. అడగవలసింది "ఎందుకు రాశావు" అని కాదు, "ఏమి బాగు చేయాలి" అని. రాసినవానికి జవాబు కూడా అందాలి. ఎర్త్ తీగ వేయించామనో, వాల్వు మార్చామనో ఒక్క ముక్క తిరిగి వస్తే, రాయడానికి ఇంకెవరికీ చెప్పనక్కరలేదు.

మీరు ఇళ్లకు వెళ్లాక మూడు పనులు చేయండి. స్టార్టర్లకు, మోటార్లకు ఎర్తింగ్ ఉందో లేదో ఈ వారంలో చూపించండి. మురుగు గుంటలోకి మనిషిని దించబోమని తీర్మానం చేయండి. ప్రమాదాల పుస్తకం కొని మొదటి పేజీ తెరవండి. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకం కన్నా ముందు ఆ పుస్తకమే అడుగుతాను. అందులో పేజీలన్నీ ఖాళీగా ఉంటే వెంటనే మెచ్చుకోను. క్యాన్లు కడిగే మనిషిని పిలిచి, ఖాళీ ఎందుకుందో అతన్ని అడుగుతాను.