మన మాట మనమే రాసి పెట్టుకుందాం
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పు, వడ్డీ గురించి ప్రతి మీటింగులో మాట్లాడుకుంటాం. ఈ రోజు మేము చెప్పే విషయం కొంచెం చేదుగా ఉంటుంది. మనం మంచాన పడి, నోట మాట రాకుండా పోతే, మన వైద్యం సంగతి ఎవరు తేల్చాలి? "ఈ అపశకునం మాటలు ఎందుకే" అని మా సంఘంలోనే పెద్దవాళ్లు అన్నారు. బీమా కట్టేటప్పుడు చావు మాట ఎత్తుతున్నాం కదా! ఇదీ అంతే.

మా సంఘంలో ఒక అక్కకు మెదడులో రక్తం గడ్డకట్టి స్పృహ పోయింది. వెంటిలేటర్ మీద పెట్టారు. ఇక కోలుకోదని డాక్టర్లు చెప్పాక కొడుకు ఇంటికి తీసుకుపోదామన్నాడు, కూతురు వద్దంది. ఇద్దరిదీ ప్రేమే. అమ్మ మనసులో ఏముందో మాత్రం ఇద్దరికీ తెలియదు. ఆమె పోయి ఏడాది దాటినా వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఆస్పత్రి అప్పు తీరింది గానీ ఆ పట్టింపు తీరలేదు.

ఇలాంటి అవస్థ రాకుండా రాసుకునే కాగితాన్ని లివింగ్ విల్ అంటారు. ఆస్తి వీలునామా మనం పోయాక పనిచేస్తుంది. ఇది బతికుండగానే, మనం చెప్పుకోలేని స్థితిలో పనిచేస్తుంది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకుంది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది.

18 ఏళ్లు నిండి, మనసు స్థిమితంగా ఉన్న ఎవరైనా రాసుకోవచ్చు. కోలుకునే ఆశ లేనప్పుడు ఏ వైద్యం కావాలి, ఏది వద్దు అన్నది స్పష్టంగా రాయాలి. మన తరపున మాట్లాడడానికి నమ్మకమైనవాళ్ల పేర్లు రాయాలి. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ దగ్గర గానీ గెజిటెడ్ అధికారి దగ్గర గానీ ధ్రువీకరణ చేయించాలి. పేరు రాసినవాళ్లకు, మనల్ని ఎప్పుడూ చూసే డాక్టరుకు ఒక్కో కాపీ ఇవ్వాలి. పంచాయతీలో గానీ మున్సిపాలిటీలో గానీ ఒక కాపీ ఇవ్వాలి. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు.

ఈ కాగితం చూపగానే వైద్యం ఆపేయరు. ముందు ఆస్పత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు చూడాలి. తర్వాత వేరే డాక్టర్లతో ఇంకో బోర్డు చూసి ఒప్పుకోవాలి. నయమయ్యే జబ్బుకు ఇది వర్తించదు. ప్రాణం తీసే సూది వేయడానికి మన చట్టం ఒప్పుకోదు.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. చాలా ఇళ్లలో ఆడవాళ్ల వైద్యానికే ముందు డబ్బు లెక్క చూస్తారు. "మా కోసం ఖర్చు ఎందుకులే" అని మనమే అనడం కూడా అలవాటు. ఆ అలవాటుతో ఈ కాగితం రాయొద్దు. "చివరిదాకా వైద్యం చేయించండి" అని రాసే హక్కు కూడా మనదే. ఎవరో రాసి తెచ్చిన దాని మీద వేలిముద్ర వేయొద్దు. చదివించుకుని, అర్థమయ్యాకే వేయాలి. సాక్షులు ఇంటి బయటివాళ్లయితే మేలు.

డబ్బు సంగతీ ఉంది. నామినీ ఉంటే చాలనుకుంటాం. నామినీకి డబ్బు వచ్చేది మనం పోయాకే. స్పృహ లేకుండా ఆస్పత్రిలో ఉన్నప్పుడు నామినీ ఒక్క రూపాయి కూడా తీయలేరు. నమ్మకమైనవాళ్లతో కలిపి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింటు ఖాతా పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ప్రతి సంఘం ఒక మీటింగు ఈ విషయానికి ఇవ్వాలని మా మనవి. రాయమని ఎవరినీ బలవంతం చేయొద్దు, తీర్మానాలు చేయొద్దు. రాసినా రాయకపోయినా, ఈ వారం ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టి మన మనసులో మాట చెబుదాం. రాసినవాళ్లు ఆ కాగితం ఎక్కడుందో కూడా చెప్పాలి. పెట్టె అడుగున దాచి తాళం వేస్తే అవసరానికి దొరకదు.