బడి విడిచినంక మన పిల్లలు ఎక్కడ?
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)

 నాకు సైటు మీద అరిచే అలవాటే గానీ మైకు ముందు మాట్లాడే అలవాటు లేదు. తప్పులుంటే మన్నించండి.

మన సభల్లో జీతాల గురించి, వీసాల గురించి, ఇక్కడే చనిపోయినవాళ్లను ఇంటికి పంపడం గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవాల్సినవే. ఈరోజు నేను మాత్రం ఒక్క సంగతి అడుగుదామని వచ్చిన. ఊళ్లో బడి విడిచినప్పటి నుంచి రాత్రి అన్నం తినేదాకా మీ పిల్లలు ఎక్కడ ఉంటున్నరు?

మనకూ ఇంటికీ గంటన్నర తేడా. అక్కడ నాలుగున్నరకు బడి విడిస్తే ఇక్కడ మూడు గంటలు. మనం పనిలో ఉంటం. క్యాంపుకు వచ్చి, స్నానం చేసి ఏడింటికి ఫోన్ చేస్తే అక్కడ ఎనిమిదిన్నర. "తిన్నవా బిడ్డా? చదువుకున్నవా?" అంటాం. "ఆ, చదువుకున్న డాడీ" అంటడు. మాట అయిపోయింది. మధ్యలో ఆ నాలుగు గంటలు ఎట్ల గడిచినయో మనకు తెలియదు.

నాకు ఎట్ల తెలిసిందో చెప్త. మా బాబు ఎనిమిదో తరగతిలో ఉండగా లీవుకు పోయిన. నోటుబుక్కు తెరిస్తే మొదటి పది పేజీల తర్వాత రాత లేదు. భాగహారం ఇస్తే చెయ్యలేకపోయిండు. నేను ఇక్కడి నుంచి పంపిన ఫోన్‌లో ఆట మాత్రం మస్తు దూరం పోయింది. నా భార్య మీద కేకలేసిన. ఆమె ఒళ్లో బీడీల చాట పెట్టుకుని ఒక్కటే మాట అన్నది: "లెక్క పూర్తయ్యేదాకా నేను తల ఎత్తను. మీ అమ్మకు అక్షరం రాదు. మీరేమో అక్కడుంటిరి. వాణ్ణి ఎవలు కూసోబెట్టాలె?" నాకు జవాబు దొరకలేదు.

సైటు మీద పనిచేసేవాళ్లకు ఈ సంగతి తొందరగా అర్థమైతది. ఎంత మంచి సిమెంటు వేసి స్లాబు పోసినా, తర్వాత గోనె పట్టాలు తడిపి కప్పి కనీసం ఏడు రోజులు నీళ్లు పట్టకపోతే, ఈ ఎండకు పగుళ్లు వస్తయి. పోసినవాడు బాగానే పోసిండు, క్యూరింగ్ చేసినవాడు లేడు. మా బాబుకు పొద్దున బడిలో సార్లు చెప్తనే ఉన్నరు. సాయంత్రం దాన్ని నిలబెట్టే మనిషే లేడు.

నేను కూడా అట్లనే పోయేవాణ్ణి. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మా ఊరి సారు ఒకాయన సాయంత్రం బడి వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టేది. కరెంటు పోతే కందిలి పెట్టేది. ఒక్క పైసా తీసుకోలేదు. ఆ వరండా నుంచే నేను పాలిటెక్నిక్‌కు పోయి సివిల్ డిప్లొమా చేసిన. నాతోపాటు బడికి వచ్చి, సాయంత్రం రానివాళ్లలో ఇద్దరు ఇప్పుడు ఇక్కడే షట్టరింగ్ పని చేస్తున్నరు. వాళ్లు నాకంటే తెలివి తక్కువోళ్లు కాదు. షట్టరింగ్ పని చిన్నదీ కాదు. కానీ వాళ్లకు ఇంకో దారి కనబడలేదు.

మరి సర్కారు ఏం చేస్తలేదా అని అడుగుతరు. చేస్తది, కొంత వరకే. తెలంగాణలో పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు సాయంత్రం స్పెషల్ క్లాసులు ఉంటయి. 2025లో ఆ పిల్లల అల్పాహారానికి మనిషికి రోజుకు 15 రూపాయల లెక్కన 38 రోజులు ఇచ్చిన్రు. మంచిదే. కానీ పునాది ఆరో తరగతిలో కదిలితే పదో తరగతిలో 38 రోజులు ఏం ఆపుతయి? బడికి ఏటా వచ్చే గ్రాంటు ఉంటది. పిల్లల సంఖ్యను బట్టి 10 వేల నుంచి లక్ష దాకా. అది సుద్దముక్కలకు, కరెంటు బిల్లుకు, రిపేర్లకే సరిపోతది.

ఇంకొక పైసా ఉంది, చాలామందికి తెలియదు. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. మనం ఇక్కడ సంపాదించి కట్టిన ఇళ్ల మీద కూడా అది వసూలైతది. మీ ఊరి లైబ్రరీ తలుపు సాయంత్రం తెరిచి ఉంటున్నదా? పిల్లల పుస్తకాలు ఉన్నయా? లీవుకు పోయినప్పుడు పంచాయతీలో అడగండి. అది దానం అడుగుడు కాదు, మనం కట్టిన పైసల లెక్క అడుగుడు.

మా ఊళ్లో మేం ఏం చేసినమో చెప్త. నిరుడు జూన్‌లో మొదలుపెట్టినం. బడిలోనే ఒక గది, హెడ్మాస్టర్ గారు ఒప్పుకున్నరు. ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలు 30 మంది. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న మా ఊరి ఆడబిడ్డకు నెలకు 6 వేలు. ఉడకబెట్టిన గుగ్గిళ్లకు సుమారు 4 వేలు. చాపలు, బల్బులు, నోటుబుక్కులకు వెయ్యి. మొత్తం 11 వేలు. అప్పటి రేటు రియాల్‌కు 220 రూపాయల లెక్కన 50 రియాళ్లు. గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు 25, మనిషికి 2 రియాళ్లు. 100 బైసాల చాయ్ లెక్కన నెలకు ఇరవై చాయ్‌లు. మిగిలిన ఐదు ఇళ్ల పిల్లలు ఊరికే కూర్చుంటరు. వాళ్లకు విదేశంలో ఎవరూ లేరు, మన పిల్లల పక్కనే పెరుగుతున్నరు.

అంతా సాఫీగా నడవలేదు. మూడో నెలలో ఒక కంపెనీలో జీతాలు ఆగినయి, ఏడుగురి పైసలు రాలేదు. ఆ నెల ఆమెకు సగమే ఇచ్చినం. ఆమె ఏమీ అనలేదు, మాకే సిగ్గనిపించింది. అప్పటి నుంచి రెండు నెలల ఖర్చు ముందే పక్కన పెట్టినంకనే మిగతాది. చలికాలం పొద్దు తొందరగా గూకితే ఆడపిల్లలు రావడం మానేసిన్రు. తల్లులు వంతులు వేసుకుని వచ్చి తోలుకపోవడం మొదలుపెట్టినంక మళ్లా వచ్చిన్రు. ఎనిమిది, తొమ్మిది తరగతుల మగపిల్లలు "ట్యూషన్ మాకెందుకు" అన్నరు. వారానికి రెండు రోజులు వాలీబాల్ పెట్టినం. ఆట కోసం వచ్చి, తర్వాత కూర్చుంటున్నరు.

ఈ వయసు పిల్లల సంగతి మీకు నేను చెప్పాలా? పదిహేనేండ్లకు మగపిల్లవానికి ఏజెంటు కనబడతడు, ఆడపిల్లకు సంబంధం కనబడతది. సాయంత్రం పూట వాళ్లతో "ఐటీఐ ఉంది, పాలిటెక్నిక్ ఉంది, నర్సింగ్ ఉంది" అని మాట్లాడే మనిషి ఒకరుండాలె. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ పనికి పోయే పిల్లల్ని బడికి తెచ్చినప్పుడు, చదువుకున్న పల్లె యువకులనే ఆ పనిలో నిలబెట్టింది. ఆమెకు 2003లో మెగసెసె అవార్డు వచ్చింది. అట్లాంటి యువకులు మన ఊళ్లల్లోనూ ఉన్నరు.

ఇప్పుడు ఒక హెచ్చరిక, దయచేసి గట్టిగా వినండి. ఈ మాట విని రేపు క్యాంపులో డబ్బా పట్టుకుని చందాలు వసూలు చేయకండి, వాట్సాప్‌లో ఖాతా నంబర్ పెట్టకండి. ఒమాన్‌లో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం. మంచి పని అని చెప్పినా వినరు. మేం చేసేది ఇంతే: ఎవరి పైసలు వాళ్లు ఎక్స్ఛేంజ్‌లో తమ ఇంటికి పంపుకుంటరు. ఇంటి దగ్గర తల్లి వాటా ఇస్తది.

లెక్క తల్లుల చేతిలోనే ఉంది. విద్యాహక్కు చట్టం చెప్పిన బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలె, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు. తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా ఉన్నయి. ఆ తల్లులే ప్రతి నెల ఖర్చు కాగితం మీద రాసి బడి గోడకు అంటిస్తరు. మనకు ఫొటో పంపుతరు. మన మగవాళ్లు లెక్క పట్టుకుంటే ఏమైతదో మీకు తెలుసు, నవ్వకండి.

అన్నా, ఇల్లు కడుతున్నం, స్లాబు వేస్తున్నం, టైల్స్ వేస్తున్నం. అది మన కష్టం, తప్పు లేదు. కానీ సాయంత్రం నాలుగున్నరకు ఆ ఇంట్లో ఒక్క పిల్లవాడు ఫోన్ పట్టుకుని కూర్చుంటే, ఆ కష్టం ఎవరి కోసం? ఇంకో పదేండ్లకు వాడే పాస్‌పోర్ట్ పట్టుకుని మన బంకు మీదికి రావద్దు. వస్తే ఇంజనీరుగా రావాలె, లేకుంటే సుట్టపుచూపుకు రావాలె.

మా బాబు ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న ఫోన్ చేస్తే "డాడీ, తర్వాత మాట్లాడుత, లెక్క మధ్యలో ఉన్న" అని పెట్టేసిండు. ఫోన్ పెట్టేస్తే అంత సంతోషం నాకు ఎన్నడూ కాలేదు.

ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు "చదువుకున్నవా" అని కాదు, "నాలుగున్నర నుంచి ఎక్కడున్నవు, నీతో ఎవరున్నరు" అని అడగండి. జవాబు విన్నంక, మీ ఊరివాళ్లు నలుగురు కలిసి కూర్చోండి. మా ఊరి లెక్క కాగితం నా దగ్గర ఉంది, కావాల్సినవాళ్లకు ఇస్త.