ఖానా ఖాయే క్యా, భాయ్?
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

చదువుల సాయం గురించి మాట్లాడమని పిలిచారు. ఆ లెక్కలు కార్యదర్శి గారి నివేదికలో వివరంగా ఉన్నాయి. మేము మా ఇంటి సంగతి ఒకటి చెప్పుకుంటాం.

మాది కర్నూలు. 2009 అక్టోబరు 2, శుక్రవారం. రంజాన్ పండుగ అయి పది రోజులు దాటింది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డాయి. మేము తమ్ముళ్లం ఇద్దరం పిల్లాపాపలతో మేడ ఎక్కాం. భాయ్ ఇల్లు పల్లంలో, నది వైపు. నాన్నగారి ఇంటి పంపకాల దగ్గర మాటా మాటా పెరిగి అప్పటికి రెండేళ్లుగా రాకపోకలు లేవు. పండుగ నమాజు తర్వాత ఈద్గాలో ఎదురుపడి కూడా తల తిప్పుకున్నాం. బడిలో మాత్రం అన్నదమ్ముల అనుబంధం మీద పాఠం చెబుతూనే ఉన్నాం, అది వేరే సంగతి.

ఫోన్లు పనిచేయలేదు. ఆ రెండు రాత్రులూ భాయ్ ఉన్నాడో లేడో తెలియదు. నీళ్లు తీశాక బురదలో పడుతూ లేస్తూ వెళ్లాం. తడిసిన బీరువాను వాకిట్లోకి ఈడుస్తున్నాడు. దారి పొడవునా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "ఖానా ఖాయే క్యా, భాయ్?" అన్నాం. "ఖాయా" అన్నాడు. తినలేదని మొహమే చెబుతోంది.

ఇల్లు కడిగినన్నాళ్లు కలిసే ఉన్నాం. బురద పోయింది, ఆ దగ్గరితనమూ పలచబడింది. సలాము, జవాబు, పెళ్లిళ్లలో పక్కపక్కన భోజనం. అంతే.

2021 మే నెలలో భాయ్‌కి కరోనా వచ్చింది. ఆస్పత్రిలోకి ఎవరినీ రానివ్వలేదు. ఒక నర్సమ్మ దయతలచి వీడియో కాల్ కలిపింది. మొహం మీద ఆక్సిజన్ మాస్క్. మళ్లీ మా నోట అదే ప్రశ్న. తల ఊపాడు. మూడోనాడు పోయాడు. జనాజాకు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమి.

ఒక హదీసు మనందరం విన్నదే. ప్రవక్త (స) దగ్గర కూర్చున్న ఒకాయన, అటుగా వెళ్తున్న మనిషిని చూసి, అతనంటే నాకు ప్రేమ అన్నాడు. ఆ మాట అతనికి చెప్పావా అని ప్రవక్త అడిగారు. లేదన్నాడు. వెళ్లి చెప్పమన్నారు. ఆయన లేచి వెళ్లి చెప్పాడు. మేము దీన్ని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పామో! భాయ్ ఇల్లు మా ఇంటికి పది నిమిషాల దూరం.

అన్నం గురించి అడగడం తక్కువ ప్రేమ అనడం లేదు. మూతా యుద్ధంలో జాఫర్ (రజి) మరణించిన వార్త వచ్చినప్పుడు ప్రవక్త (స) ఆయన పిల్లల్ని దగ్గరకు తీసుకుని కన్నీరు పెట్టారు. ఆ ఇంటికి అన్నం వండి పంపమన్నారు. కన్నీరూ ఉంది, అన్నమూ ఉంది. మనం గిన్నె పంపుతాం, కన్నీరు దాచుకుంటాం, ముఖ్యంగా మగవాళ్లం.

భాభీ ఇద్దత్‌లో కూర్చున్న నాలుగు నెలల పది రోజుల్లో మాకు ఇంకొకటి తెలిసింది. మొదట్లో భయంతో గిన్నెలు గడప దగ్గర పెట్టి వెళ్లేవారు. తర్వాత భయం తగ్గింది, గిన్నెలూ తగ్గాయి. పక్కింటి లక్ష్మక్క ఒక్కతే రోజూ సాయంత్రం పిట్టగోడ దగ్గర నిలబడి భాయ్ సంగతులు మాట్లాడించేది. ఇన్నేళ్లలో భాయ్ తన గురించి ఒక్క మంచి మాట కూడా పైకి అనలేదని భాభీ ఆవిడతోనే చెప్పుకుంది. మాతో చెప్పలేదు. మేమూ ఆ ఇంటి మగవాళ్లమే కదా.

ఇప్పుడు జుమా నమాజు కాగానే మేమిద్దరం భాభీ ఇంటికి వెళ్తున్నాం. మొదటిసారి భాయ్ కొడుకుతో, "నువ్వంటే మాకు ప్రాణంరా" అన్నాం. ఇరవై రెండేళ్ల కుర్రాడు, సిగ్గుపడి ఫోన్ చూసుకున్నాడు. కాసేపటికి లోపలికి వెళ్లి మా ఇద్దరికీ చాయ్ తెచ్చాడు.

సంఘానికి మా మనవి ఒక్కటే. ఇంటి పెద్ద పోయిన కుటుంబానికి బియ్యం, డబ్బు ఇచ్చి రసీదు మీద సంతకం తీసుకుని వచ్చేస్తున్నాం. ఇక మీదట పోయినవారిని ఎరిగిన మనిషి ఒకరు వెంట వెళ్లాలి. నలభయ్యో రోజు దాటాక కూడా వెళ్లాలి. కూర్చుని ఆయన గురించి మాట్లాడాలి. దీనికి చందా అక్కర్లేదు. వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ సభ కాగానే పేర్లు ఇవ్వండి, మొదటి రెండు పేర్లు మావే రాసుకోండి.