అటక మీది మందు సీసాలు

అటక దులిపేటప్పుడు పాత మందు సీసా దొరికిందా? కడిగేసి నూనె పోసుకోకండమ్మా. ముందు తడిమి చూడండి.

నీలంగానో ఆకుపచ్చగానో ఉండి, పలకల మీద గీతలు ఉబ్బెత్తుగా తగిలితే, అది 19వ శతాబ్దంలో ఇంగ్లండులో విషపు మందులకు వాడిన రకం కావచ్చు. దీపం లేకపోయినా చెయ్యి కనిపెట్టాలని అలా చేసేవారు. వంటింట్లోకి దాన్ని రానివ్వకండి.

మన కాంపౌండరు మిక్స్చరు సీసా వేరు. దాని గుర్తు పక్కన అంటించిన కాగితం పట్టీ. అంచున కత్తిరించిన ఒక్కో గంటు ఒక్కో మోతాదు. అక్షరం రాని అవ్వ కూడా పూటకో గంటు చొప్పున తాగేది. కొలిచే గ్లాసు ఎవరింట్లో ఉండేది గనుక!

కడిగితే మొదట పోయేది ఆ పట్టీయే. పొడిగుడ్డతో తుడిచి, పిల్లలకందని చోట పెట్టండి. అడుగున మందు మిగిలుంటే మాత్రం బిరడా విప్పి వాసన చూడబోకండి.