సంప్రదాయ గృహమున క్రిస్మసు చెట్టు

(అర్ధవార్షిక పరీక్షలు ముగిసిన దినమున పాఠశాల సభలో ప్రధానోపాధ్యాయులు గావించిన ఉపన్యాసము)



రేపటినుండి సెలవులు. ఈ సెలవులలో క్రిస్మసు వచ్చును. దాని వెంట ఆంగ్ల సంవత్సరాది వచ్చును. పాఠశాల మరల తెరచిన కొలది దినములకే భోగి, సంక్రాంతి, కనుమ వరుసగా వచ్చును. కావున పండుగలకు ఇంటిని అలంకరించుకొనుటను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. మార్కులను గూర్చి చెప్పవలసిన ప్రధానోపాధ్యాయునికి ముగ్గుల సంగతి, తోరణముల సంగతి ఎందుకని మీలో కొందరు తలపవచ్చును. మార్కుల సంగతి పట్టికలలో నున్నది. ఇంటి వాకిలి సంగతి ఏ పట్టికలోను లేదు. అందుచేతనే దానిని నోటితో చెప్పవలసి వచ్చినది.

కొన్ని సంవత్సరములుగా డిసెంబరు నెల రాగానే తలిదండ్రులు మమ్ము ఒక ప్రశ్న అడుగుచున్నారు. పొరుగింట నక్షత్రదీపము వ్రేలాడుచున్నది, లోపల క్రిస్మసు చెట్టు మెరయుచున్నది. అటువంటిది మనకును కావలెనని పిల్లలు మారాము చేయుచున్నారు. అది మన యాచారము కాదని తాతగారు వారించుచున్నారు. ఏది సబబు? ఇది హిందూ గృహములవారి ప్రశ్న. క్రైస్తవ కుటుంబములవారిది మరియొక ప్రశ్న. అంగడినుండి వచ్చిన చెట్టును, దీపముల తీగలను పెట్టిన తరువాత వాకిట ముగ్గునకును, గుమ్మమున మామిడాకులకును చోటు లేదా యని వారి యింటి పెద్దలు అడుగుచున్నారు. ఈ రెండు ప్రశ్నలును వేరుగా కనిపించినను మూలము ఒక్కటే. క్రొత్తది వచ్చినప్పుడు పాతది తొలగిపోవలసినదేనా?

ముందుగా ఆ చెట్టు కథ వినుడు. చలిదేశములలో శీతకాలమున చాల చెట్లు ఆకులు రాల్చి మోడులై నిలుచును. మంచులో గూడ పచ్చదనము వీడని ఫర్ చెట్టు అక్కడివారికి జీవమునకు గురుతు. జర్మను భాష మాట్లాడు ప్రాంతములలో 16వ శతాబ్దమునాటికే దానిని పండుగనాడు ఇండ్లలోనికి దెచ్చి యలంకరించు వాడుక యుండెను. ఇంగ్లండువారికి గూడ అది పరదేశపు ఆచారమే. జర్మనీనుండి వచ్చిన షార్లెట్ రాణి 1800 సంవత్సరమున విండ్సరులో అటువంటి చెట్టును పెట్టించెను. 1848లో విక్టోరియా రాణియు ఆమె భర్త ఆల్బర్టును పిల్లలతో గూడి చెట్టు చుట్టు నిలిచిన చిత్రము లండను పత్రికలో అచ్చయిన పిదపనే అది ఆ దేశమందలి సామాన్య గృహములకు ప్రాకినది. నేడు ఎవరును దానిని పరాయిదని యనరు. ఆంగ్లేయులు దానికి తమ పాటలు, తమ పిండివంటలు, తమ మాటలు జతచేసి తమదిగా చేసికొనిరి.

మన ప్రాంతమున ఫర్ చెట్టు పెరుగదు. మన క్రైస్తవ సోదరులు సరుగుడు కొమ్మను దెచ్చి నిలుపుదురు. మన పల్లెలలో కొందరు దీనినే సవుకు అందురు. సూదులవంటి దాని సన్నని రెమ్మలు దూరమునుండి చూచిన చలిదేశపు చెట్టునే తలపించును. అయితే ఈ సరుగుడు మాత్రము మన పూర్వుల చెట్టా? కాదు. అది ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరములనుండి వచ్చినది. దక్షిణదేశపు తొలి రైలుమార్గము 1856 జూలై 1వ తేదీన రాయపురమునుండి వాలాజా వైపు మన తిరువళ్లూరు మీదుగనే సాగినది. ఆ శతాబ్దముననే రైలింజన్లకు వంటచెరకు కావలసివచ్చి తీరప్రాంతములలో సరుగుడు తోపులు వేయించిరి. నేడు పందిరి గుంజకు సరుగుడే, పొయ్యిలో కట్టెకు సరుగుడే. అది మన పనిలో బడినది గనుక మనదైనది.

మన తిరుత్తణి కొండమీదనే ఇంతకంటె గొప్ప ఉదాహరణము గలదు. జనవరి 1వ తేదీ మన పంచాంగపు సంవత్సరాది కాదు. ఆంగ్ల ప్రభుత్వపు రోజులలో ఆనాడు జనులు దొరల ఇండ్లకు బోయి నిమ్మపండ్లతోను పూలమాలలతోను దర్శనము చేసికొనెడివారు. వళ్లిమల సచ్చిదానందస్వామివారు దీనిని చూచి, దొరలకు దొరయైన సుబ్రహ్మణ్యస్వామిని ఆనాడు దర్శింపుడని బోధించిరి. అట్లు గత శతాబ్దపు ప్రథమభాగమున మెట్లపండుగ వెలసినది. ఏడాదికి దినములెన్నో అన్ని మెట్లని, 365 మెట్లకు డిసెంబరు 31వ తేదీన పూజచేసి, కర్పూరము వెలిగించి, అరుణగిరినాథుల తిరుప్పుగళు పాడుచు భక్తులు కొండనెక్కుదురు. తేదీ పరాయిది, మెట్లు మనవి, పాట మనది, దేవుడు మనవాడు. స్వామివారు ఆ దినమును వెలివేయలేదు. దానికి మన యింట ఒక పని కల్పించిరి. ఈ వివేకమునే గ్రహింపుడని మా మనవి.

తిరుత్తణిలో 1888 సెప్టెంబరు 5వ తేదీన తెలుగు కుటుంబమున జనించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని జీవితమును చూడుడు. ఆయన ఇక్కడ అక్షరములు దిద్ది, 1896లో తిరుపతిలోని హెర్మన్స్‌బర్గు లూథరను మిషను పాఠశాలలో చేరెను. క్రిస్మసు చెట్టు పుట్టిన జర్మనీ దేశమునుండియే ఆ మిషనువారు 1860 తరువాత మన తెలుగు సీమకు వచ్చి నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు ప్రాంతములలో పనిచేసిరి. సంప్రదాయ గృహమునుండి వెళ్లిన ఆ బాలుడు క్రైస్తవ విద్యాలయములలో చదివి, భారతీయ తత్త్వమును లోకమునకు వివరించు పండితుడయ్యెను. పరాయి విద్య ఆయన యింటి దీపమును ఆర్పలేదు. అట్లే తెలుగు క్రైస్తవులును తమ యింటి భాషను విడువలేదు. 19వ శతాబ్దమున పురుషోత్తమ చౌధురిగారు తెలుగు బాణీలలో కీర్తనలు రచింపగా, నేటికిని ఆలయములలో అవి పాడబడుచున్నవి.

ఇక అలంకారములను పోల్చి చూతము. డిసెంబరు 25వ తేదీ ఎప్పుడును మన ధనుర్మాసములోనే వచ్చును. ఈ నెలలో తెల్లవారక పూర్వమే ఒక వీధిలో తిరుప్పావై వినబడును. రాత్రివేళ మరియొక వీధిలో క్రిస్మసు పాటల బృందము తిరుగును. తిరుప్పావై పాడిన గోదాదేవి తమిళదేశపు కన్య. ఆమె కథను ఆముక్తమాల్యదగా రచించినవాడు కృష్ణదేవరాయలు. కావున ఇచ్చిపుచ్చుకొనుట మనకు నేర్పవలసిన విద్య కాదు.

బొమ్మలకొలువు మీ యందరికిని తెలిసినదే. కొన్ని ఇండ్లలో దసరాకు, కొన్ని ఇండ్లలో సంక్రాంతికి మెట్లుకట్టి బొమ్మలు నిలుపుదురు. ఆవాలో, రాగులో చల్లి మొలకెత్తించి చిన్న తోట చేయుదురు. క్రైస్తవ గృహమున పశువులపాకను కట్టి, బాలయేసును, మరియమ్మను, గొల్లవారిని, ఆవును గొర్రెను నిలిపి, చుట్టును అట్లే ధాన్యము మొలకెత్తించి పచ్చిక చేయుదురు. ఈ పాకను 1223లో ఇటలీ దేశమున గ్రెచ్చియో గ్రామములో ఫ్రాన్సిస్ అను సాధువు తొలుత ఏర్పరచెను. చదువురాని పల్లెజనులకు కథ కన్నులకు గట్టవలెననియే ఆయన తలంపు. మన కొలువు పనియు అదియే. బొమ్మలు చూపుచు అవ్వ కథ చెప్పును, పిల్లవాడు వినును.

నక్షత్రదీపపు చరిత్ర ఉపాధ్యాయులమైన మాకు మిక్కిలి ముచ్చట గొల్పును. మొరేవియను నక్షత్రమని లోకప్రసిద్ధమైన దీపము 1830 ప్రాంతమున జర్మనీలోని నీస్కీ అను ఊరి పాఠశాలలో క్షేత్రగణిత పాఠముగా పుట్టినది. 18 చతురస్రములు, 8 త్రిభుజములు, వెరసి 26 ముఖములుగల ఘనమును గైకొని, వ్రేలాడగట్టుటకు ఒక ముఖమును విడిచి, మిగిలిన 25 ముఖములకును కోణపు కొనలు అతికింతురు. మన ముగ్గు మాత్రము గణితము కాదా? చుక్కల వరుసలు, సందుచుక్కలు, మెలికలు, ఎటు చూచినను సరిపోవు సౌష్ఠవము, ఇవన్నియు పుస్తకము లేకయే అమ్మ చేతినుండి కూతురి చేతికి వచ్చిన పాఠములు.

ఇప్పుడు అసలు సంగతికి వత్తుము. ఒక తరగతిలో, పండుగనాడు మీ వాకిట నుండు వస్తువుల పేర్లు వ్రాయుడని బాలబాలికలకు చెప్పితిమి. స్టారు, ట్రీ, సీరియల్ లైటు అని అందరును తడుముకొనక వ్రాసిరి. ద్వారబంధము, గడప, కల్లాపి, గొబ్బెమ్మ, తోరణము అను మాటలు చాలమందికి తోచలేదు. వారి ఇండ్లలో ఆ వస్తువులు లేక కాదు. కొందరి ఇండ్లలో అవి ఆ ఉదయమే యుండెను. వస్తువు నిలిచినది, మాట జారిపోయినది. దీనికి క్రిస్మసు చెట్టు కారణము కాదు. అంగడిలో కొని తగిలించు అలంకారము తనతో ఏ మాటను తీసికొనిరాదు. అవ్వ ప్రక్కన కూర్చుండి చేతితో చేసిన అలంకారము పది మాటలను వెంటబెట్టుకొని వచ్చును. పిండిని వ్రేళ్లసందున జారవిడుచునప్పుడు ఆమె చెప్పు ప్రతి మాటయు ఒక పాఠమే.

ఈ మాటల విలువ ఇతర ప్రాంతములవారికంటె మనకు ఎక్కువ. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకు మారినది. 1997లో తిరువళ్లూరు ప్రత్యేక జిల్లా అయినది. 2006 సంవత్సరపు చట్టముతో తమిళమును ప్రతి విద్యార్థియు నేర్వవలసిన ఏర్పాటు వచ్చినది. తమిళము మనము నివసించు నేలభాష. దానిని మన పిల్లలు చక్కగా నేర్చి అందు పేరు తెచ్చుకొనవలెను. ఇందు మాకు సందేహము లేదు. కాని తరగతిలో తెలుగునకు దొరకు వేళ పరిమితమైనప్పుడు, మిగిలిన పాఠము ఇంటనే జరుగవలెను. వాకిలి, వంటిల్లు, పెరడు, ఇవే మన తెలుగు తరగతులు. ఆ తరగతులకు ఉపాధ్యాయులు తల్లులు, అవ్వలు, తాతలు.

కావున మా సలహా ఇది. చెట్టు కోరు బిడ్డను కసరవలదు. చెట్టును చేతితో చేయింపుడు. తోపులో గుంజలు కొట్టిన చోట మిగిలిన సరుగుడు కొనకొమ్మను అడిగి తెచ్చుకొని, తడియిసుక నింపిన కుండలో నిలుపుడు. బ్రతికియున్న చెట్టును దీనికై నరకవలదు. పూజాస్థలమునకు అడ్డము రాకుండ నడవలో ఒక మూల చాలును. తులసికోట పని తులసికోటది. దానికి గాజుబంతులు తగిలించుట ఎవరికిని మర్యాద కాదు. కొమ్మ వలదనువారు మామిడిమొక్కను తొట్టిలో పెట్టి యలంకరించి, పండుగలు ముగిసిన పిమ్మట పెరటిలో నాటవచ్చును.

అలంకరించుటకు డబ్బు వ్యయపరచవలదు. పొదటూరుపేట వంటి నేతగాండ్ర ఊళ్లలో ప్రతి యింటను రంగునూలు ముక్కలు మిగులును. వానితో కుచ్చులు కట్టుడు. తాటాకుతో చిలుకలు, గిలకలు చేయించుడు. పేలాలు దారమున గ్రుచ్చి దండలు వేయుడు. చలిదేశములవారును మొక్కజొన్న పేలాలతో అట్లే చేయుదురు. వెదురుబద్దలు కట్టి రంగు కాగితమంటించి నక్షత్రము చేయుట పెద్దపిల్లలకు చక్కని పని. ఎండిన సరుగుడు రెమ్మ క్షణములో అంటుకొనును. కావున దానిచెంత క్రొవ్వొత్తిగాని, ప్రమిదగాని పెట్టరాదు. 1882లో న్యూయార్కులో ఎడ్వర్డు జాన్సను మొదటిసారి చెట్టునకు విద్యుద్దీపములు అమర్చెను. నేడవి చౌకగనే దొరకుచున్నవి. పరుండబోవు ముందు వానిని ఆర్పుట మరువవలదు.

క్రైస్తవ గృహములవారు చెట్టుతోబాటు ముగ్గును, మామిడితోరణమును గూడ పెట్టుకొనుడు. ముగ్గులోనే నక్షత్రమును తీర్చి పండుగ శుభాకాంక్షలు వ్రాయువారిని మన వీధులలో చూచుచునే యున్నాము. ఆ శుభాకాంక్షలు తెలుగులిపిలో నుండిన మరింత శోభ. హిందూ గృహములవారు గొబ్బెమ్మలపై గుమ్మడిపూలు పెట్టునప్పుడు పిల్లలను లేపి ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. కనుమ దినములలో రథముముగ్గు వేసి, దాని త్రాటిని పొరుగింటి ముగ్గువరకు సాగదీయు వాడుక మన తెలుగువారిది. ఆ త్రాడు ప్రక్కయింటివారి మతమేదని అడుగదు.

బాలబాలికలారా! ఇక మీకు సెలవుల పని. మీ యింటి పెద్దలను అడిగి, పండుగ అలంకారములకు సంబంధించిన తెలుగు మాటలు పది సేకరింపుడు. ఒక్కొక్క మాటను ఒక్కొక్క చిన్న అట్టముక్కపై అందముగా వ్రాసి, మీ కొమ్మకు కుచ్చులతోబాటు వ్రేలాడగట్టుడు. కొమ్మ లేనివారు తోరణమునకే గట్టవచ్చును. సెలవుల తరువాత ఆ అట్టలను పాఠశాలకు తెండు. అన్నిటిని చేర్చి మన ప్రాంతపు పండుగమాటల పట్టిక తయారుచేసి, రాబోవు వార్షిక సంచికలో అచ్చువేయింతుము. ఏ మాట ఏ ఊరినుండి వచ్చినదో ఆ ఊరి పేరును ప్రక్కన చేర్చుదుము.

సంప్రదాయ గృహము తలుపులు మూసికొన్న గృహము కాదు. వచ్చినవారికి పీటవేసి, తన భాషలో పలుకరించు గృహము. క్రిస్మసు చెట్టు వచ్చినను, మరి యేది వచ్చినను, దానిని తెలుగులో పలుకరించుటకు మన పిల్లలకు మాటలుండవలెను.