తలా ఒక పోగు

 

ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీకొక రష్యన్ సామెత చెబుదామని వచ్చాను. ‘స్ మీరు ప నీత్కె, గోలము రుబాఖ.’ ఊరంతా తలా ఒక పోగు ఇస్తే బట్టలేనివాడికి చొక్కా అవుతుందని అర్థం.

ఇందులో ‘మీర్’ అనే మాట ఉంది. దానికి లోకమనీ, శాంతి అనీ అర్థాలున్నాయి. పాత రష్యాలో రైతుల ఊరుమ్మడిని కూడా మీర్ అనేవారు. పొలాలు కుటుంబాలకు పంచేది అదే, పన్నుకు పూచీ పడేదీ అదే. ఒక కుటుంబం పన్ను కట్టలేకపోతే ఆ బాకీ మిగతా ఊరి నెత్తిన పడేది. ఊరు ఒప్పుకోనిదే రైతు బయటికి కదలడానికి వీల్లేదు. కలిసి ఉండటం వాళ్లకు అండగానూ ఉంది, సంకెలగానూ ఉంది. ఈ సంగతి మీ దగ్గర దాచను. అయితే అవే ఊళ్లలో ‘పోమొచ్’ అనే ఆనవాయితీ ఉండేది. ఇల్లు కట్టుకునేవారికో, కోతకు మనుషులు చాలనివారికో ఇరుగుపొరుగు వచ్చి సాయం పట్టేవారు. కూలి తీసుకునేవారు కాదు, ఆ ఇంట భోజనం చేసి వెళ్లేవారు. సామెతలోని పోగు ఇలా మనసారా ఇచ్చిన పోగేనని నా నమ్మకం.

వ్లదీమిర్ దాల్ అనే వైద్యుడు జనం నోట విన్న ఇలాంటి సామెతలను ఏళ్ల తరబడి రాసుకుని, దాదాపు 30,000 సామెతలతో 1862లో పుస్తకం తెచ్చాడు. అదీ తలా ఒక పోగుతో నేసిన బట్టే.

మనకూ ఒక పోగుంది. విదియనాడు నెలవంకను చూసి, కట్టుబట్టలోంచి పోగు తీసి చంద్రుడికి సమర్పిస్తాం. అది భక్తి. రష్యన్ రైతు పోగు చలికి వణికే పక్కింటివాడికి చేరుతుంది. ఇచ్చినవారి చొక్కా చిరగదు. తొడుక్కున్నవాడు ఏ ఒక్కరి ముందూ తల వంచుకోనక్కర్లేదు, ఎందుకంటే ఏ పోగు ఎవరిదో తెలియదు. ఈ సామెతలో నన్ను కదిలించేది ఇదే. ఒక్క దాత ఇచ్చిన చొక్కా రుణం గుర్తుచేస్తూనే ఉంటుంది.

మొదటి జీతం చేతికొచ్చిన నెల మీ తరగతివాళ్లంతా ఒకసారి మాట్లాడుకోండి. మీ జూనియర్లలో పరీక్ష ఫీజుకు ఇబ్బంది పడేవారెవరో మీకు తెలుసు. తలా నూరు రూపాయలు వేసి ఆ ఫీజు కట్టేయండి. ఎవరెవరు ఇచ్చారో మాత్రం ఆ బిడ్డకు చెప్పకండి.