వేసవిలో ఆహార విహారాలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు చెబుతారు. రోళ్ల మాట ఎట్లున్నా, మే మాసం చివరి వారానికి మనుష్యుల ఓర్పు మాత్రం పగుళ్లు వారుతుందన్నది అందరికీ అనుభవమే. రాయలసీమ ఎండకూ, మన ఉత్తరాంధ్ర ఎండకూ ఒక భేదం ఉన్నది. అక్కడి గాలి పొడిగా ఉంటుంది. పట్టిన చెమట వెంటనే ఆరిపోతుంది. చంపావతీ తీరాన ఉన్న నెల్లిమర్ల వంటి చోట్ల సముద్రపు తేమ గాలిలో నిలిచి ఉంటుంది. చెమట కారుతుందే గాని ఆరదు. చెమట ఆరినప్పుడే దేహం చల్లబడుతుంది గనుక, ఉష్ణమాపకంలో వేడి కొంత తక్కువగా కనిపించినా మన ప్రాంతంలో బాధ తక్కువ కాదు. ఈ ఉక్కలో దేహాన్ని చల్లగాను, మనసును నిలకడగాను ఉంచుకొనే మార్గమేది? ఆయుర్వేదం చెప్పిన సమాధానాన్నీ, మన ఇళ్లలోని ఆచారాన్నీ పక్కపక్కన ఉంచి పరిశీలిద్దాము.

చరకసంహిత సూత్రస్థానంలో ఆరవ అధ్యాయం, వాగ్భటుని అష్టాంగహృదయం సూత్రస్థానంలో మూడవ అధ్యాయం ఋతుచర్యను వివరిస్తాయి. శిశిర, వసంత, గ్రీష్మ ఋతువులను శాస్త్రకారులు ఆదానకాలమన్నారు. ఆదానమనగా తీసుకొనుట. ఈ మూడు ఋతువులలో సూర్యుడు భూమిలోని తడిని, ప్రాణులలోని బలాన్ని క్రమంగా హరిస్తాడు. జ్యేష్ఠాషాఢాలతో కూడిన గ్రీష్మం ఆ హరణానికి పరాకాష్ఠ.

వేసవిలో పిత్తం పెరుగుతుందని మనం సామాన్యంగా అనుకుంటాము. శాస్త్రం చెప్పినది వేరు. గ్రీష్మంలో పోగుపడేది వాతం. అది ప్రకోపించేది వర్షఋతువులో. పిత్తమైతే వర్షఋతువులో పోగుపడి, శరత్తులో ప్రకోపిస్తుంది. అనగా, వేసవి దేహాన్ని వేడెక్కించడమే కాదు, ఎండబెడుతున్నది. ఇట్లా ఎండిన దేహానికి కావలసినది కేవలం శైత్యం కాదు. తడి, తీపి, స్నిగ్ధత. మంచుగడ్డ వేసిన తీపి పానీయం నాలుకకు చలువ చేయవచ్చు. కాని పోయిన సారాన్ని తిరిగి ఇవ్వగలిగినదే నిజమైన చలువ. ఈ ఒక్క సూత్రం గ్రహిస్తే తక్కిన నియమాలన్నీ సులభంగా బోధపడతాయి.

ఆహారం మధురంగా, లఘువుగా, స్నిగ్ధంగా, చల్లగా, ద్రవప్రాయంగా ఉండవలెనన్నాడు వాగ్భటుడు. ఉప్పు, పులుపు, కారం, వ్యాయామం, ఎండ — వీటిని వర్జించమన్నాడు. ఈ ఉపదేశానికి ఉదాహరణ కోసం మనం దూరం పోనక్కరలేదు. నెల్లిమర్లకు సమీపాన రామతీర్థమున్నది. శ్రీరామనవమి నాడు అక్కడేమి, మన ప్రతి వీధి పందిట్లోనేమి, భక్తుల చేతిలో పడేవి పానకం, వడపప్పు. బెల్లం నీటిలో ఏలకులు, మిరియాలు, శొంఠి కలిపినది పానకం. నానిన పెసరపప్పు వడపప్పు. పప్పుధాన్యాలలో పెసలు శ్రేష్ఠమని చరకుడన్నాడు. వసంతంలో ప్రకోపించిన కఫానికి మిరియం, శొంఠి సమాధానం చెబుతాయి. రాబోయే ఎండకు బెల్లం, నీరు సమాధానం చెబుతాయి. ఋతువు మారేటప్పుడు పాత ఋతువు చివరి ఏడు దినాలు, కొత్త ఋతువు మొదటి ఏడు దినాలు అలవాట్లను మెల్లగా మార్చుకోవలెనని శాస్త్రం చెబుతున్నది. పండుగ పేరిట మన ఇళ్లలో జరుగుతున్న పని కూడ దాదాపు ఇదే.

అటుపై తాటిముంజలు, కొబ్బరినీళ్లు, సబ్జాగింజల పానీయం, పుచ్చకాయ, దోసకాయ, సొర, బీర, పొట్ల. ఇవన్నీ కాలం పంపిన కానుకలు. సువర్ణరేఖ మామిడి మన ఉత్తరాంధ్ర సొత్తు. పండిన మామిడి మధురమే గాని గురువు, అనగా ఆలస్యంగా జీర్ణమయ్యేది. ఆదానకాలంలో బలం తగ్గిన దేహంలో జఠరాగ్ని కూడ మందగిస్తుంది గనుక, నీళ్లలో నానబెట్టి, భోజనానికి ఎడంగా, మితంగా తినడం మేలు.

ఇక ఆవకాయ మాట. ఉప్పు, పులుపు, కారం వద్దని శాస్త్రం చెప్పిన ఋతువులోనే ఈ మూడింటినీ ఆవపిండితో కలిపి జాడీకెత్తడం తెలుగువారి సాహసం! కొత్త ఆవకాయను మానమని చెబితే శ్రోతలు రేడియో కట్టివేస్తారేమో. జాడీ ఏడాది కొరకు. ఒక్క నెలలో ఖాళీ చేయడానికి కాదు. తినే నాడు ముద్దపప్పు, నెయ్యి తోడు చేయడమనే పాత పద్ధతిని పాటించండి. తీక్ష్ణతకు స్నిగ్ధత విరుగుడని మన వంటింటికి ఎవరూ నేర్పనక్కరలేదు.

పెరుగు గ్రీష్మంలో తగదని చరకుడు, ఉష్ణకాలంలో మజ్జిగ ఇవ్వరాదని సుశ్రుతుడు చెప్పారు. ఇది విని మజ్జిగ ప్రియులు కలత చెందుతారు. కాని శాస్త్రం శంకించినది పులుపును, తీక్ష్ణతను. ఆ పూట చిలికి, వెన్న తీసి, మూడు నాలుగు పాళ్లు నీరు చేర్చిన పలుచని తియ్యమజ్జిగకూ, రెండు దినాలు పులిసిన చిక్కని మజ్జిగకూ పేరొకటే గాని గుణం ఒకటి కాదు.

ఇంతవరకు చెప్పినది నీడలో కూర్చోగలవారి మాట. గ్రంథాలలోని గ్రీష్మచర్య చదివితే, వెన్నెలలోను, చుక్కల కాంతిలోను చల్లార్చిన గేదెపాలు, పాటలీపుష్పాలతో, కర్పూరంతో పరిమళించే నీరు, జలధారలు చిమ్మే గృహాలు, చందనలేపాలు కానవస్తాయి. ఇది సంపన్న గృహస్థుని దినచర్య. ఎండలో దుక్కి దున్నే రైతు, ఇటుకలు మోసే స్త్రీ, మిల్లు కార్మికుడు ఇందులో ఎక్కడున్నారు? నెల్లిమర్ల అనగానే జూట్ మిల్లు జ్ఞప్తికి వస్తుంది. జనపనారను మెత్తబరచడానికి నూనె, నీరు కలిపి చిలకరిస్తారు. దారం తెగకుండా నేతశాలలో గాలిని తేమగా ఉంచుతారు. నారకు హితమైన ఆ తేమ మనిషి చెమటను ఆరనీయదు. అటువంటి చోట పనిచేసేవానికి వ్యాయామం వర్జించు, ఉప్పు మాను అని చెబితే ప్రయోజనమేమి?

కఠినశ్రమ చేసేవానికి గంటకు ఒక లీటరు వరకు చెమట పోవచ్చును. చెమటతో నీరే కాదు, ఉప్పు కూడ పోతుంది. ఉప్పు పోయి నీరు మాత్రమే చేరితే తలనొప్పి, కండరాల నొప్పులు, నీరసం కలుగుతాయి. గ్రంథంలోని లవణ నిషేధం శ్రమలేనివానికి. శ్రమించేవానికి పోయిన లవణం పూరించడమే సమత్వం. ఈ లోటును తీర్చినది మన ప్రాంతపు పేదవాని వంటకమే. చోడిపిండిని జావగా కాచి, చల్లార్చి, మజ్జిగ, ఉప్పు చేర్చి, ఉల్లిపాయ నంజుకొని త్రాగే అంబలిలో నీరు, ఉప్పు, బలం మూడూ ఉన్నాయి. తరవాణికుండ సంగతి కొంచెం భిన్నం. ధాన్యపు పులికడుగు స్పర్శకు చల్లన గాని గుణానికి ఉష్ణమని వాగ్భటుడు హెచ్చరించాడు. కాబట్టి ఒక్క రాత్రి పులిసిన చద్ది మేలు. దినాల తరబడి పులిసినది కాదు. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఉప్పు విషయంలోను, మధుమేహం ఉన్నవారు పానకం విషయంలోను వైద్యుని సలహా పొందవలెను.

విహార నియమాలు కొన్నే. దప్పిక కలిగేవరకు ఆగక, తరచుగా కొద్దికొద్దిగా నీరు త్రాగవలెను. రిఫ్రిజిరేటరు నీటికంటె కుండనీరు గొంతుకు హితం. ఎండనపడి వచ్చిన వెంటనే తలస్నానం చేయక, కొంత తడవు నీడలో నిలవండి. పగటినిద్ర తక్కిన ఋతువులలో కఫపిత్తాలను పెంచుతుందని నిషేధించిన చరకుడు, రాత్రులు చిన్నవి గనుక గ్రీష్మంలో మాత్రం అనుమతించాడు. బరువు పనులు ఉదయం 10 గంటలలోపు, సాయంకాలం 4 తరువాత పెట్టుకోగలిగితే సగం వైద్యం జరిగినట్లే. ఇందుకు యజమానులు, మేస్త్రీలు కూడ సహకరించవలెను.

ఒక హెచ్చరిక. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా మరణించారు. దేహం 104 డిగ్రీలు దాటి కాలిపోతూ, మాట తడబడి, స్పృహ తప్పుతూ ఉంటే అది వడదెబ్బ. చెమట పడుతున్నది గదా అని ఉపేక్షించరాదు. అప్పుడు పానకం, పసరు వెదకుతూ కాలం గడపకూడదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీటితో తడిపి, విసరుతూ, 108 వాహనాన్ని పిలవవలెను. స్పృహ లేనివాని నోట ఏ పానీయమూ పోయరాదు. ఋతుచర్య వ్యాధి రాకుండా కాపాడే విద్య. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆసుపత్రే శరణ్యం.

వేసవిలో పోగుపడిన వాతం వానలలో కీళ్లనొప్పులై, అజీర్ణమై బయటపడుతుందని శాస్త్రం చెబుతున్నది. నేటి అలసటను నేడే తీర్చుకొన్నవానికి రేపటి ఋతువు బరువు కాదు. అట్లే, ఇంటి గడపలో ఒక కుండ, ఒక లోటా ఉంచడం చలివేంద్రానికి చాలు. దారిన పోయే శ్రామికుని దాహం తీరిస్తే, గ్రంథంలోని గ్రీష్మచర్య మన వీధివరకు విస్తరించినట్లే.